కార్డుల వెనక వైపు

గోదావరిఖనిలో నేనుండే వీధి చివర ఒక టిఫిన్ సెంటర్ ఉంది. దాని పై అంతస్తులో పొడుగాటి హాలు. మామూలు రోజుల్లో అక్కడ పోటీ పరీక్షలకు చదివేవాళ్లకు ట్యూషన్లు చెబుతారు. ఆదివారాలు మాత్రం ఆ బల్లలు మావి.

మావి అంటే కార్డులాట ఆడేవాళ్లవి. పేకాట కాదు. ఈ మాట ఎవరో ఒకరికి చెప్పుకోని ఆదివారం లేదు. కింద టిఫిన్ సెంటర్ నడిపే అవ్వ మొదట్లో నన్ను పక్కకు పిలిచి, "ఆడివిల్లవు, దవాఖానల పని చేసేదానివి, నీకు పత్తాలాట ఏంది బిడ్డా" అని అడిగింది. పైకి తీసుకెళ్లి చూపించాను. రంగురంగుల బొమ్మలున్న కార్డులు, వాటి మీద సన్నటి అక్షరాలు. ఎవరి కట్ట వాళ్లే తెచ్చుకుంటారు. కార్డులు కొనుక్కుని, ఒకరితో ఒకరు మార్చుకుని, నెలల తరబడి ఆలోచించి తమకు నచ్చినట్టు కట్ట కూర్చుకుంటారు. కాసేపు చూసి అవ్వ, "పిల్లలాటనే గదా" అని దిగిపోయింది. ఆ మాట కూడా పూర్తిగా నిజం కాదని ఆవిడకు చెప్పలేదు.

మాది మంథని. కరీంనగర్‌లో ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదివేటప్పుడు హాస్టల్లో నా గదిలో ఉన్న అమ్మాయి ఈ ఆట నేర్పింది. కోర్సు అయిపోయింది, ఆ అమ్మాయి పెళ్లి చేసుకుని వెళ్లిపోయింది, ఆట నాతో ఉండిపోయింది. గోదావరిఖనిలో ఒక ప్రైవేటు ల్యాబులో ఉద్యోగం వచ్చి ఇక్కడ గది అద్దెకు తీసుకున్నాక, ఈ హాలు సంగతి తెలిసి వెళ్లడం మొదలుపెట్టాను. అక్కడికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది గని కార్మికుల ఇళ్ల అబ్బాయిలు. కొందరు చదువుకుంటున్నారు, కొందరు తండ్రి ఉద్యోగంలో చేరి తామూ గనిలోకి దిగుతున్నారు. ఆడవాళ్లలో క్రమం తప్పకుండా వచ్చేది నేనొక్కదాన్నే.

అక్కడ గొడవలు కొత్త కాదు. కార్డు బల్ల మీద పెట్టి చెయ్యి తీశాక దాన్ని మళ్లీ వెనక్కి తీసుకోవచ్చా లేదా అన్న ఒక్క విషయం మీద ఒకసారి పూట మొత్తం గడిచిపోయింది. "చెయ్యి లేసింది" అని ఒకడు, "లేవలే, ఏలు ఆన్కొనే ఉన్నది" అని ఇంకొకడు. చివరికి ఇద్దరూ నవ్వుకుని చాయ్ తాగడానికి దిగారు. ఎంత గొడవైనా వాళ్లలో వాళ్లే తేల్చుకునేవారు. తోటివాడి మీద పైవాళ్లకు చెప్పడం కన్నా తక్కువ పని ఇంకోటి లేదన్నది ఆ ఇళ్లలో పుట్టుకతో వచ్చిన నమ్మకం. నేను ఆ ఇళ్లలో పుట్టలేదు గానీ, వాళ్ల మధ్య కూర్చుని కూర్చుని నాకూ అది అంటుకుంది.

ఆ వేసవిలో మా హాల్లో మొదటిసారి అసలైన పోటీ పెట్టారు. గెలిచినవాళ్లకు హైదరాబాద్‌లో జరిగే రాష్ట్ర పోటీలో చోటు. దానికోసం హైదరాబాద్ నుంచి జడ్జి వచ్చాడు. నల్ల టీషర్టు వేసుకున్న సన్నటి యువకుడు. వచ్చీ రాగానే అందరినీ నిలబెట్టి, "ఏ అనుమానం వచ్చినా చెయ్యెత్తి నన్ను పిలవండి. మీలో మీరు సర్దుకోవద్దు. జడ్జిని పిలవడం అంటే ఎదుటివాళ్ల మీద ఫిర్యాదు చేయడం కాదు" అన్నాడు. అందరూ తలూపారు. ఎవరూ నమ్మలేదు.

సాయంత్రానికి ఫైనల్లో మిగిలింది నేను, ఇంకో అబ్బాయి.

అతనికి ఇరవై నాలుగో ఇరవై ఐదో ఉంటాయి. తండ్రి ఆరోగ్యం పాడై ఉద్యోగం వదులుకుంటే ఆ స్థానంలో చేరి భూగర్భ గనిలో పని చేస్తున్నాడు. నన్ను అక్కా అంటాడు. హాల్లో అతనంటే అందరికీ ఇష్టం. ఇష్టపడే మనిషే. అదే రోజు సెమీఫైనల్లో నేను పక్క బల్ల దగ్గర నిలబడి చూస్తుండగా, అతని ఎదుటివాడు తనకు రావలసిన పాయింట్లు కలుపుకోవడం మరిచిపోయాడు. "అన్నా, నీకు రెండు రావాలె. మర్చినవ్" అని ఇతనే గుర్తుచేశాడు. ఆ రెండు పాయింట్లతో ఎదుటివాడు ఇంకొంతసేపు నిలబడ్డాడు కూడా. ఆ మ్యాచ్ ఇతను గెలిచాడు గానీ, ఓడిపోయే ప్రమాదం ఉండగానే ఆ మాట చెప్పాడు.

అతని వెనక నిలబడి చూస్తున్నది అతని దోస్తు. ఇద్దరూ ఒకే కాలనీలో పెరిగారు. దోస్తు ఆటోల విడిభాగాల షాపు చూసుకుంటాడు, గొంతు పెద్దది, కోపం ముక్కు మీదే ఉంటుంది. ఇందాక చెప్పిన "చెయ్యి లేసింది" గొడవలో అరిచిన ఇద్దరిలో ఒకడు అతనే.

ఆట గురించి రెండు ముక్కలు చెప్పాలి. మన కట్టలోంచి వంతుకొక కార్డు తీసుకుంటూ, చేతిలో ఉన్న వీరుల కార్డులను బల్ల మీద పెట్టి, వాళ్లతో ఎదుటివాళ్ల మీద దాడి చేస్తాం. ఎవరి పాయింట్లు ముందు అయిపోతే వాళ్లు ఓడినట్టు. అతని కట్టలో తుపాను అనే కార్డులు నాలుగున్నాయి. తుపాను పడితే బల్ల మీదున్న వీరులందరూ కొట్టుకుపోతారు. కాబట్టి అతనితో ఆడేటప్పుడు ప్రతి వంతులోనూ ఒకటే భయం. ఎక్కువమందిని పెడితే తుపానుకు పోతారు, తక్కువమందిని పెడితే అతను ముందుకొచ్చేస్తాడు. ఆ లెక్క కుదరకే మొదటి గేమ్ ఓడిపోయాను. రెండో గేమ్ నేను గెలిచాను. మూడోది గెలిచినవాళ్లదే పోటీ.

అతను కిటికీకి వీపు పెట్టి కూర్చున్నాడు. అది పడమటి కిటికీ. పొద్దు వాలేకొద్దీ ఎండ అతని భుజం మీదుగా వచ్చి బల్ల మీద పడసాగింది. మా కార్డులన్నిటికీ పలుచటి ప్లాస్టిక్ తొడుగులుంటాయి. వాటిని స్లీవులంటాం. కార్డులు నలగకుండా ఉండటానికీ, అందరివీ వెనక నుంచి ఒకేలా కనబడటానికీ అవి వేస్తాం. అతనివి నీలం రంగువి. ఈ ఊళ్లో ఏ వస్తువూ ఎక్కువ రోజులు కొత్తగా ఉండదు. కిటికీలు మూసినా సన్నటి నల్లధూళి ఎక్కడినుంచో వచ్చి కూర్చుంటుంది. ఆ నీలం స్లీవులు కూడా వాడీ వాడీ మసకబారాయి.

రెండో గేమ్ చివర్లో అతను కట్ట మీది కార్డు తీస్తుంటే అది ఒక్కటి కొంచెం మెరిసినట్టు అనిపించింది. ఎండ ఆట అనుకున్నాను. తీసింది తుపాను. అప్పటికే నేను గెలిచే స్థితిలో ఉన్నాను కాబట్టి దాని గురించి ఆలోచించలేదు.

మూడో గేమ్‌లో మళ్లీ మెరిసింది. ఈసారి కట్ట మీద ఉండగానే చూశాను. తక్కినవన్నీ చెమ్మ ఆరిన సిమెంటు గచ్చులా ఉంటే అదొక్కటి నీళ్లు చల్లినట్టు ఉంది. రోజంతా గాజు పలకలను వెలుతురుకు ఎత్తి చూసే పని నాది. అలాంటి తేడా కంటపడ్డాక ఇక కనబడకుండా పోదు. అతను దాన్ని తీసుకుని చేతిలో కలుపుకున్నాడు. ఆ వంతులోనే బల్ల మీద వేశాడు. తుపాను. నా వీరులు ఇద్దరు పోయారు. వెనకనున్న వాళ్లు "అగో" అన్నారు. అతను చిన్నగా నవ్వి, "సారీ అక్కా" అన్నాడు.

తర్వాత కొన్ని వంతులు మామూలుగా గడిచాయి. అందులో ఒకసారి నేను ఒక వీరుణ్ణి పెట్టకుండా చేతిలోనే ఆపుకున్నాను. ఎందుకు ఆపానో ఆ క్షణంలో నన్ను నేను అడగలేదు.

మళ్లీ నా వంతు వచ్చింది. అతని కట్ట వైపు చూశాను. పైన మెరిసే వీపు.

నా చేతిలో బలమైన వీరులు ముగ్గురున్నారు. ముగ్గురినీ పెడితే తర్వాతి వంతులో అతని పాయింట్లు అయిపోతాయి. కానీ అతను ఇప్పుడు తీయబోయేది తుపాను. నాకది తెలుసు. పెట్టకుండా ఆగితే తుపాను వృథా అవుతుంది, ఆ తర్వాత తీరిగ్గా గెలుస్తాను. అలా గెలిస్తే అతని కార్డు నేను దొంగచాటుగా చూసి గెలిచినట్టే. పోనీ తెలియనట్టు ముగ్గురినీ పెట్టి పోగొట్టుకుంటే? అది ఆట కాదు, నటన. జడ్జిని పిలిస్తే? గుర్తు పట్టగలిగే కార్డులతో ఆడితే గేమ్ పోతుంది. అంటే అతను ఓడతాడు, నేను గెలుస్తాను. నటించకపోతే ఎటు తిరిగినా లాభం నాకే వస్తోంది. ఆ క్షణం నుంచి నా చేతిలో మచ్చలేని ఎత్తు ఒక్కటీ లేకుండా పోయింది.

దాని కిందే ఇంకో ఆలోచన కూడా ఉంది. ఇతనికి తెలుసా? తెలిసి చేశాడా? తను తీయబోయేది తుపాను అని ముందే తెలిస్తే అతనికీ లాభమే. తల ఎత్తి అతని మొహం చూశాను. కార్డులు చూసుకుంటున్నాడు, కింది పెదవి కొరుక్కుంటున్నాడు. మొహంలో ఏమీ లేదు. ఇందాక సెమీఫైనల్లో రెండు పాయింట్లు గుర్తుచేసిన మనిషిని ఇలా చూస్తున్నందుకు నాకే సిగ్గేసింది. అయినా చూశాను.

"మేడం, ఆడండి. సమయం అవుతోంది" అన్నాడు జడ్జి దూరం నుంచి.

కార్డులు బోర్లా పెట్టేశాను.

"తమ్మీ, ఆట ఆపుదాం. నీ కట్ట వెనక వైపు ఒకసారి చూడాలె" అన్నాను, అతనికి మాత్రమే వినబడేలా.

"ఏమైంది అక్కా?"

"కొన్ని కార్డులు వేరే తీర్ల కనబడుతున్నయి. జడ్జిని పిలుస్తున్న."

చెయ్యెత్తాను. మాట అతనికే అన్నాననుకున్నాను గానీ, వెనక నిలబడ్డ దోస్తు విన్నాడు. "ఏంది మేడం? మావోడు దొంగాట ఆడుతున్నడా?" అన్నాడు. గొంతు హాలంతా వినిపించింది. వేరే బల్లల దగ్గర ఉన్నవాళ్లు లేచి వచ్చారు.

"నేను గట్ల అన్లే" అన్నాను.

"అనకుంటే జడ్జిని ఎందుకు పిలుస్తున్నరు? ఓడిపోతున్నరని యాదికొచ్చిందా?"

నేను గెలిచే స్థితిలో ఉన్నానని అతనికి చెప్పలేదు. చెప్పినా అక్కడ ఎవరికీ పట్టదు.

జడ్జి వచ్చి నేను చెప్పింది విన్నాడు. ఆ అబ్బాయి కట్టనూ చేతిలోవాటినీ బల్ల మీద ఉన్నవాటినీ తీసుకుని కిటికీ దగ్గరి ఖాళీ బల్ల మీదికి వెళ్లాడు. కార్డులన్నీ బోర్లా పరిచాడు. వంగి, పక్కకు జరిగి, ఇంకోవైపు నుంచి చూశాడు. ఒకటి తీసి పక్కన పెట్టాడు. కాసేపటికి ఇంకోటి. మొత్తం నాలుగు తీశాడు. తర్వాత ఒక్కొక్కటే తిప్పాడు.

నాలుగూ తుపానులే.

కింద రోడ్డు మీద లారీ ఏదో వెళ్తే కిటికీ రెక్క అదిరింది. ఆ అబ్బాయి కూర్చున్న చోటే కూర్చుండిపోయాడు. చెవులు ఎర్రబడ్డాయి. చేతులు బల్ల మీద పెట్టుకున్నాడు, ఎవరో పెట్టమన్నట్టు.

"ఇవి మిగతావాటికన్నా కొత్తవి. మీకు తెలుసా?" అని జడ్జి అడిగాడు.

"తెల్వది సార్."

"మీ కార్డులు మీకు తెలియదా?"

"అవి నావి కావు సార్. తుపానులు నాకు లెవ్వు. పోటీ ఉన్నదని అడుక్కొచ్చిన."

"ఎవరిని?"

అతను జవాబు చెప్పలేదు. దోస్తు వైపు కూడా చూడలేదు. చూడకూడదని మెడ బిగపట్టుకున్నాడని నాకు అర్థమైంది. జడ్జి చెప్పుకుపోయాడు. తెలియక జరిగితే ఈ గేమ్ పోతుంది, అంతే. తెలిసి చేశారని తేలితే పోటీ నుంచే తీసేస్తారు, పేరు పైకి రాసి పంపుతారు, కొంతకాలం ఎక్కడా ఆడనివ్వరు. ఏది నిజమో తాను తేల్చాలి.

"నేనే ఇచ్చిన సార్" అన్నాడు దోస్తు. పెద్ద గొంతు ఇప్పుడు సగానికి తగ్గింది. "నిన్న నేనే ఇచ్చిన. పాత స్లీవులు చినిగినయని కొత్త ప్యాకెట్ తెంపి నేనే తొడిగిన. రంగొకటే గదా అనుకున్న. వానికేం ఎర్క లేదు."

"మీరిద్దరూ స్నేహితులు. మీరిలా చెప్పడం సహజమే కదా" అన్నాడు జడ్జి.

ఆ మాటకు దోస్తు మొహం కందిపోయింది. రెండు అడుగులు ముందుకు వేశాడు. ఎవరో అతని చొక్కా పట్టుకున్నారు. జడ్జి కదల్లేదు గానీ, చేతిలోని కార్డులు గట్టిగా పట్టుకోవడం చూశాను. పరాయి ఊళ్లో, పది పదిహేనుమంది మధ్య, అతనూ ఒక్కడే.

"సార్, ఒక్క మాట" అన్నాను.

"మీ వంతు వచ్చినప్పుడు అడుగుతాను మేడం."

తర్వాత అతను చేసింది నేను చెప్పాలనుకున్నదే. కార్డులను ఎప్పటిలా కట్టగా పేర్చి, తుపాను ఒకటి పైన ఉంచి, మా బల్ల మీద పెట్టాడు. నన్ను లేవమని నా కుర్చీలో కూర్చుని చూశాడు. తల ఊపాడు. ఆ అబ్బాయిని లేవమని అతని కుర్చీలో కూర్చున్నాడు. చాలాసేపు చూశాడు. వంగి చూశాడు, వెనక్కి వాలి చూశాడు. పైన మామూలు కార్డు పెట్టి చూశాడు, మళ్లీ తుపాను పెట్టి చూశాడు. వెలుతురు వీపు వెనక నుంచి వస్తుంటే అటువైపు కూర్చున్నవాళ్లకు ఆ మెరుపు కనబడదు. నాకు తెలుసనుకున్నాను గానీ, అతని నోటి నుంచి వచ్చేదాకా నా గుండె కుదుటపడలేదు.

"ఇక్కడి నుంచి తేడా తెలియడం లేదు" అన్నాడు. హాలు ఊపిరి వదిలింది.

తర్వాత నా వైపు తిరిగాడు. "మీకు ఎప్పుడు తెలిసింది?"

"రెండో గేమ్ చివర్ల ఒకటి మెరిసినట్టు అనిపించింది. ఈ గేమ్‌ల ఇంకోటి మెరిసింది, అది కూడా తుపానే. ఇప్పుడు మూడోది పైన ఉండంగ పిలిచిన."

"రెండోదానికీ మూడోదానికీ మధ్య ఏదైనా ఎత్తు దీన్నిబట్టి మార్చారా?"

ఇంత సూటిగా అడుగుతాడనుకోలేదు. లేదు అంటే అయిపోయేది. చేతిలో ఆపుకున్న ఆ ఒక్క కార్డు గురించి ఎవరికీ తెలియదు.

"ఒక కార్డు పెట్టకుంట ఆపిన. దీనివల్లనే ఆపిన్నా, మామూలుగ ఆపిన్నా నాకు తెల్వది సార్. అబద్ధం చెప్తలేను, నిజంగనే తెల్వది."

"చూసిన్రా" అన్నారెవరో వెనక నుంచి. దోస్తు కాదు. దోస్తు అప్పటికి మాట్లాడటం మానేశాడు.

జడ్జి తీర్పు చెప్పాడు. ఇందులో ఆ అబ్బాయి ఉద్దేశం ఏమీ లేదు. కానీ కట్టలో గుర్తుపట్టగలిగే కార్డులున్నాయి, అవన్నీ ఒకే రకం కార్డులు, కాబట్టి గేమ్ పోయినట్టే. ఒకటి ఒకటి సమంగా ఉన్నాయి కాబట్టి మ్యాచ్ నాది. నాకూ ఒక హెచ్చరిక. అనుమానం వచ్చిన క్షణంలోనే పిలవాలి, నిర్ధారణ అయ్యేదాకా ఆగకూడదు.

"సార్, స్లీవులు మార్చి మూడో గేమ్ మళ్లీ ఆడొచ్చా?" అని అడిగాను.

"కుదరదు. అది మీ చేతుల్లో లేదు, నా చేతుల్లోనూ లేదు."

"నేను ఇడ్సిపెట్టొచ్చా మరి? ఫలితం ఇంక రాయలేదు గదా."

జడ్జి "అది మీ హక్కు" అన్నాడు.

అప్పటిదాకా తల వంచుకున్న ఆ అబ్బాయి తల ఎత్తాడు. "వద్దు అక్కా" అన్నాడు.

"నువ్వు తప్పు చెయ్యలేదు గదా తమ్మీ."

"చెయ్యలే. ఇప్పుడు అందరికీ తెలిసింది గది. మీరు ఇడ్సిపెడితే, నేను మొహం చిన్న చేసుకొని అడుక్కున్నట్టు ఉంటది. హైదరాబాద్ పొయ్యి ప్రతి ఆటల అదే యాదికొస్తది నాకు. నాకు వద్దు."

అతని గొంతులో బతిమాలడం లేదు. కోపం ఉంది, నా మీద కాకపోయినా నా దాకా వచ్చే కోపం. నేను మంచితనం అనుకున్నది అతనికి ఇంకో బరువు అవుతుందని అప్పుడు అర్థమైంది. సరే అన్నాను. జడ్జి ఇచ్చిన కాగితం మీద ఇద్దరం సంతకాలు పెట్టాం. అతను లేచి అందరి ముందూ చెయ్యి ఇచ్చాడు. చల్లగా ఉంది ఆ చెయ్యి. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. గెలిచినవాళ్ల ఫోటో ఒకటి తీయాలని జడ్జి అంటే కార్డులు పట్టుకుని నిలబడ్డాను. ఆ ఫోటోలో నా మొహం ఓడిపోయినవాళ్ల మొహంలా ఉంది.

మెట్లు దిగుతుంటే మెట్ల దగ్గర నిలబడ్డ ఇద్దరు దారి ఇచ్చారు గానీ, "గెలిచిందట, ఎట్ల గెలిచిందో మరి" అన్న మాట నా వీపుకు తగిలేలా అన్నారు. కింద అవ్వ చాయ్ ఇచ్చి, "ఎప్పుడు లొల్లి లొల్లి ఉంటది, ఇయ్యాల సప్పుడే లేదు, ఏమైంది బిడ్డా" అని అడిగింది. చాయ్ బాగుందన్నాను.

ఆ వారమంతా నాకు పనిలో మనసు లేదు. ఒక పేషెంటు పేరు రెండుసార్లు అడిగాను. వచ్చే ఆదివారం వెళ్లకపోతే ఏమవుతుంది అని ఆలోచించాను. ఏమీ కాదు. వాళ్ల ఆట వాళ్లు ఆడుకుంటారు. కానీ వెళ్లకపోతే తప్పు చేసిందాన్ని నేనే అని నేనే ఒప్పుకున్నట్టు. వెళ్లాను.

హాల్లో అడుగు పెట్టగానే మాటలు తగ్గాయి. ఆ అబ్బాయి రాలేదు. ఒక బల్ల దగ్గర కూర్చుని కట్ట కలుపుతూ ఉన్నాను. ఎదురు కుర్చీ చాలాసేపు ఖాళీగా ఉంది. ఎవరి జత వాళ్లు చూసుకున్నారు. లేచి వెళ్లిపోదామనుకుంటుండగా ఎదురు కుర్చీ బరబరా జరిగింది. దోస్తు.

కూర్చుని తన కట్ట మొత్తం బోర్లా పరిచాడు, బట్టల షాపులో చీర పరిచినట్టు. "చూడుండ్రి మేడం. మంచిగ చూడుండ్రి. మళ్ల సగంల ఆపొద్దు" అన్నాడు. చుట్టుపక్కల ఇద్దరు ముగ్గురు నవ్వారు. అవమానించడానికే చేశాడని అందరికీ తెలుసు.

కళ్లలో నీళ్లు తిరిగే సమయం అది. నాకు ఎందుకో తిరగలేదు. చూడమన్నాడు కదా, చూశాను. వరసగా, తొందర లేకుండా, కుర్చీ కొంచెం పక్కకు జరుపుకుని వెలుతురు పడేలా చూశాను. నవ్వులు ఆగిపోయాయి. నేను చూస్తున్నకొద్దీ అతను అసహనంగా కదిలాడు.

"బాగున్నయి. అన్నీ ఒక్క తీరే ఉన్నయి" అన్నాను. తర్వాత నా కట్ట కూడా అలాగే అతని ముందు పరిచాను. "ఇప్పుడు నావి చూడు."

అది అతను అనుకోలేదు. "నాకు అవుసరం లేదు" అన్నాడు.

"నాకున్నది. చూడు."

మొదట పైపైన చూశాడు. తర్వాత వంగాడు. ఆ తర్వాత మెకానిక్ బేరింగు చూసినట్టు నిజంగా చూడటం మొదలుపెట్టాడు. చివరి వరసలో ఒకదాని మీద వేలు పెట్టాడు. "ఇది మూలకు వొంగింది మేడం. మార్చాలె."

వంగింది. నేను గమనించలేదు. సంచిలోంచి కొత్త స్లీవు తీయబోతే అతను ఆపాడు. "కొత్తది వద్దు, మళ్ల అదే కథ అయితది. పాతది ఉంటె చూడుండ్రి." నా దగ్గర పాతది లేదు. అతనే లేచి హాలంతా అడిగి, నా రంగుకు కలిసే వాడిన స్లీవు ఒకటి పట్టుకొచ్చాడు. తొడుక్కుని ఆడాం. ఆ గేమ్ అతనే గెలిచాడు, పెద్దగా అరిచి మరీ గెలిచాడు. ఆ అరుపు విని నాకు హాయిగా అనిపించింది.

ఆ తర్వాతి వారాల్లో, ఆట మొదలుపెట్టే ముందు ఒకరి కట్ట ఒకరు కిటికీ దగ్గర పరిచి చూసుకోవడం హాల్లో అలవాటుగా మారింది. కొందరు దాన్ని నా మీద జోకుగా చేసేవారు. జోకుగానైనా చేసేవారు.

హైదరాబాద్ వెళ్లాను. రెండో రౌండ్లోనే ఓడిపోయాను. చిన్నవాడొకడు, నాకన్నా చాలా బాగా ఆడాడు. అందులో చెప్పుకోవడానికేమీ లేదు. తిరిగొచ్చాక దోస్తు అడిగితే ఆ మాటే చెప్పాను. "ఇంక నయం, మళ్ల జడ్జిని పిలవలే గదా" అన్నాడు. ఈసారి నేనూ నవ్వాను.

ఆ అబ్బాయి మాత్రం రాలేదు. ఆట మానేశాడేమో అనుకునేదాన్ని. దోస్తును అడగాలంటే నోరు రాలేదు. ఒకరోజు తనే చెప్పాడు. షిఫ్టులు మారాయట, ఆదివారం కూడా డ్యూటీ పడుతోందట. అది నిజమా, నా కోసం చెప్పిన మాటా అని ఆ రాత్రి ఆలోచించాను.

వానలు మొదలయ్యాక ఒక ఆదివారం అతను వచ్చాడు. జుట్టు తడిసి ఉంది. నేరుగా నా బల్ల దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. అలవాటు ప్రకారం కట్టలు పరిచాం, చూసుకున్నాం, కలుపుకున్నాం. మొదటి కార్డులు తీసుకున్నాక అతను ఆగాడు.

"ఒకటి అడుగుత అక్కా. నిజం చెప్పాలె."

"అడుగు."

"ఆ రోజు నా మీద అనుమానం ఉండెనా మీకు?"

వెనక ఎవరూ లేరు. దోస్తు ఇంకో బల్ల దగ్గర ఎవరితోనో గొడవ పడుతున్నాడు. లేదని చెప్పడం ఎంత తేలికో అంత చెడ్డదని నాకు తెలుసు.

"ఉండె. జర్ర సేపు ఉండె. నీ మొహం చూసి కూడ పోలేదు. జడ్జి నీ కుర్చీల కూసోని చూసినంకనే పూర్తిగ పోయింది."

అతను కార్డుల వైపు చూసుకుంటూ తల ఊపాడు. బాధపడ్డాడా లేదా నాకు తెలియలేదు.

"నాకు కూడ ఉండె" అన్నాడు.

"నీ మీద నీకా?"

"వాని మీద." దోస్తు వైపు గడ్డంతో చూపించాడు. "సార్ నాలుగు తిప్పంగనే అనుకున్న. వీడు నన్ను గెలిపియ్యాలని కావాలనే చేసిండా అని. అందుకే సార్ అడిగితే పేరు చెప్పలే. మా ఇద్దరిదీ చిన్నప్పటి సంది దోస్తానా. అయినా అనుకున్న."

"అడిగినవా?"

"అడిగిన. ఇంటికి పోయేటప్పుడు బండి ఆపి అడిగిన. రెండు వారాలు మాట్లాడలే నాతోటి." చేతిలో కార్డులు సర్దుకున్నాడు. "తర్వాత మాట్లాడిండు. డ్యూటీ ఉన్న మాట నిజమే గానీ అక్కా, డ్యూటీ లేని ఆదివారం కూడ అందుకే రాలే. వాడు ఇక్కడ ఉంటడని."

అవతలి బల్ల నుంచి దోస్తు గొంతు వినిపించింది. "చెయ్యి లేసింది, నేను చూసిన" అంటున్నాడు. ఆ అబ్బాయి అటు తిరగకుండానే కొంచెం నవ్వాడు.

"మీ వంతు అక్కా" అన్నాడు.

చేతిలో ఉన్న ఇద్దరు వీరుల్లో ఒకణ్ణి పెట్టాను, ఇంకొకణ్ణి ఆపుకున్నాను. ఈసారి ఎందుకు ఆపుకున్నానో నాకు తెలుసు, మెరుపు చూసి కాదు, ఆట లెక్క చూసి. బయట వాన పట్టుకుంది, కిటికీ మూశారు, ట్యూబులైట్ వేశారు. ఆ గేమ్ అతను గెలిచాడు, తర్వాతిది నేను. మూడోది సగంలో ఉండగా అవ్వ కింది నుంచి మిర్చీ బజ్జీలు వేడిగా ఉన్నాయని కేకేసింది. దోస్తూ లేచి వచ్చాడు, ముగ్గురం దిగాం.